హాల్‌శాండ్స్ పతనం: గులకతీరం, తవ్వకం, తుఫాను

ఇంగ్లండ్ నైరుతి భాగంలోని డెవన్ కౌంటీలో, స్టార్ట్ పాయింట్ దీపస్తంభానికి ఉత్తరంగా ఉండేది హాల్‌శాండ్స్. 1891 జనగణన నాటికి అక్కడ 37 ఇళ్ళు, 159 మంది జనం. వెనక కొండచరియ, ముందు సముద్రం, మధ్యలో ఇరుకైన రాతి అరుగు మీద ఊరు. చేపలు, పీతల వేట జీవనాధారం. పడవలు లాగిపెట్టే చోటు, అలలకు అడ్డు కూడా ఇళ్ళ ముందరి గులకరాళ్ళ మేటే.

1917 జనవరి 26 రాత్రి తూర్పుగాలీ, సముద్రపు పోటూ ఒక్కటై ఊరిని కూల్చాయి. ఎవరూ చనిపోలేదు గానీ ఆ ఏడాది చివరికి ఉండడానికి పనికొచ్చే ఇల్లు ఒక్కటే మిగిలింది. తరవాతి రాతల్లో కొన్ని ఈ తుఫానుతోనే కథ మొదలుపెట్టి, సముద్రం మింగిన ఊరని తేల్చేస్తాయి. ఈ తీర్పు అన్యాయం. 1917 నాటికి ఊరి రక్షణ ఎప్పుడో తరలిపోయింది.

ప్లిమత్ దగ్గరి కీహామ్ నౌకాదళ రేవు విస్తరణకు కాంక్రీటు కావలసివచ్చింది. అందుకు 1897లో ఈ తీరం ఎదుట సముద్రగర్భం నుంచి గులకను తవ్వడానికి గుత్తేదారు సర్ జాన్ జాక్సన్ సంస్థకు అనుమతి దొరికింది. మొత్తం తీసినది దాదాపు 6.5 లక్షల టన్నులు. సముద్రమే ఆ లోటు పూడుస్తుందన్న అంచనా మీద అనుమతి నిలిచింది. అసలు తగవు ఈ అంచనాతోనే. ఇక్కడి కొండలు అభ్రకపు శిస్టు రాయివి. తీరపు గులకలో ఎక్కువ పాలు చెకుముకి రాయి, స్ఫటికం. మంచుయుగం ముగిసి నీటిమట్టం పెరిగినప్పుడు సముద్రం అడుగు నుంచి ఒడ్డుకు నెట్టుకొచ్చిన పాత నిల్వ అది. ఏ నదీ, ఏ కొండా దానికి కొత్త సరుకు అందించడం లేదు. గులక మేట మీదికి ఎక్కిన అల తన నీటిలో కొంత రాళ్ళ సందుల్లో పోగొట్టుకుని నీరసిస్తుంది. మేట తగ్గితే ఆ బలమంతా నేరుగా గోడల మీద పడుతుంది.

జరిగింది అదే. 1900 శరదృతువు తుఫానుల్లో సముద్రపు గోడలో కొంత కొట్టుకుపోయింది. నవంబరులో గ్రామస్థులు తమ పార్లమెంటు సభ్యుడికి మొర పెట్టుకున్నారు. 1901 సెప్టెంబరులో వాణిజ్య మండలి పరిశీలకుడు తవ్వకం ఆపమన్నాడు. 1902 జనవరి 8న అనుమతి రద్దయింది. ప్లిమత్ ఇంజనీరు రిచర్డ్ హాన్స్‌ఫర్డ్ వర్త్ తీరాన్ని కొలిచి, నష్టానికి తవ్వకమే కారణమని వాదించాడు. ఆయన కొలతల ముందు సముద్రం మింగిన ఊరనే వర్ణన నిలవదు.

1902లో తీరం కొంత కోలుకున్న మాట నిజమే. 1903 తుఫానులు ఆ కాస్త లాభాన్నీ తుడిచేశాయి.

ఉత్తరాన టార్‌క్రాస్, స్లాప్టన్ తీరాలు కూడా హాల్‌శాండ్స్ ఉన్న అఖాతపు గులక మీదే ఆధారపడ్డాయి. 2001 జనవరిలో స్లాప్టన్ రోడ్డు దెబ్బతిన్నది. ఒకే నిల్వను పంచుకునే తీరంలో ఒక చోటి లోటు ఇంకొక చోటికి పాకవచ్చు గానీ, ఆ నష్టంలో 1897 నాటి తవ్వకానికి వాటా ఉందో లేదో దీన్నిబట్టి మాత్రమే చెప్పలేం.