హంతకుని మనసును చదివే విద్య: కొంత చరిత్ర, కొంత హెచ్చరిక

రోగి ఎదుట లేకున్నా, ఎక్స్‌రే చిత్రాన్నీ రక్తపరీక్షల ఫలితాలనూ చూసి వ్యాధి ఏదై ఉండవచ్చునో వైద్యుడు కొంతవరకు ఊహించగలడు. అదే విధంగా, హంతకుడెవరో తెలియకున్నా అతడు వదలివెళ్ళిన జాడలను బట్టి అతని స్వభావాన్నీ ఉద్దేశాన్నీ అంచనా వేసే విద్యను నేరస్థుల ప్రొఫైలింగ్ అంటారు. దీనికి పునాది వేసినవారిలో పోలీసులతోపాటు వైద్యులూ, ఒక నర్సూ ఉండడం విశేషం.

1888లో లండన్‌లోని వైట్‌చాపెల్ ప్రాంతంలో స్త్రీలను వరుసగా చంపిన అజ్ఞాత వ్యక్తికి 'జాక్ ది రిప్పర్' అన్న పేరు వచ్చింది. శస్త్రవైద్యుడు థామస్ బాండ్ ఆ ఏడాది నవంబరు 10న పోలీసు అధికారులకు ఒక నివేదిక రాశాడు. అయిదు హత్యలూ ఒక్కడే చేశాడనీ, వానికి కసాయివానికుండే శరీర పరిజ్ఞానమైనా లేదనీ, చూపులకు సాధువుగా, శుభ్రమైన దుస్తులలో ఉండే నడివయస్కుడు కావచ్చుననీ అందులో పేర్కొన్నాడు. హంతకుడు దొరకనే లేదు. కనుక ఆ అంచనా నిజమో కాదో నేటికీ తేలలేదు.

1940 నుండి 1956 వరకు న్యూయార్క్‌లో ఒక అజ్ఞాత వ్యక్తి 30కి పైగా బాంబులు పెట్టాడు. 1956లో పోలీసులు మానసిక వైద్యుడు జేమ్స్ బ్రసెల్‌ను సంప్రదించగా, ఇతడు తనకు అన్యాయం జరిగిందన్న భ్రాంతితో రగిలిపోయే నడివయస్కుడని ఆయన చెప్పాడు. 1957 జనవరిలో పట్టుబడిన జార్జ్ మెటెస్కీ అటువంటివాడే. 1931లో విద్యుత్ సంస్థలో పనిచేస్తూ ప్రమాదానికి గురై, తనకు క్షయ రావడానికి అదే కారణమని నమ్మాడు, పరిహారం దక్కలేదు. కీర్తి బ్రసెల్‌కు వచ్చింది గాని, అతని ఆచూకీ దొరకడానికి తోడ్పడింది పాత ఉద్యోగుల దస్త్రాలను ఓపికగా తిరగేసిన ఒక గుమాస్తా శ్రమ.

1972లో అమెరికా ఎఫ్‌బీఐ సంస్థ క్వాంటికోలో ప్రవర్తనా శాస్త్ర విభాగాన్ని నెలకొల్పింది. రాబర్ట్ రెస్లర్, జాన్ డగ్లస్ అనే అధికారులు జైళ్ళకు వెళ్ళి హంతకులతో మాట్లాడసాగారు. మానసిక నర్సింగ్ ఆచార్యురాలు ఆన్ బర్జెస్ ఆ సంభాషణలను క్రమబద్ధమైన పరిశోధనగా మలిచారు. 36 మంది లైంగిక హంతకులను పరిశీలించగా, పలువురిలో బాల్యంలో హింస, ఒంటరితనం, ఏళ్ళ తరబడి పెంచుకున్న హింసాత్మక ఊహలు కనిపించాయి. పథకం ప్రకారం చంపేవారు, అస్తవ్యస్తంగా చంపేవారు అనే విభజన కూడా ఈ విభాగం నుండే ప్రచారంలోకి వచ్చింది.

అయితే వైద్య పరిశోధన తెలిసినవారికి ఇందులోని లోపం వెంటనే స్ఫురిస్తుంది. పట్టుబడి, మాట్లాడేందుకు ఒప్పుకున్నవారినే అడిగారు. అటువంటి బాల్యమే గడిపి ఎవరినీ చంపనివారితో పోల్చి చూడలేదు. 2004లో డేవిడ్ కాంటర్ బృందం 100 మంది వరుస హంతకుల వివరాలతో పరీక్షించగా ఆ రెండు వర్గాల విభజన నిలబడలేదు.

ఈ లోపం ప్రాణాల మీదికి కూడా తెస్తుంది. 1992లో లండన్‌లోని వింబుల్డన్ కామన్‌లో ఒక యువతి హత్యకు గురైనప్పుడు, ప్రొఫైల్‌కు సరిపోయాడని ఒక నిరపరాధిపై పోలీసులు వల పన్నారు. 1994లో న్యాయస్థానం ఆ సాక్ష్యాన్ని తిరస్కరించింది. ఈలోగా, 1993లో, అసలు హంతకుడు రాబర్ట్ నాపర్ మరొక స్త్రీనీ, ఆమె నాలుగేళ్ళ కూతురినీ చంపాడు. వింబుల్డన్ నేరం అతనిదేనని న్యాయస్థానంలో తేలింది 2008లో.

ప్రొఫైల్ అన్నది ప్రాథమిక అంచనా మాత్రమే. పరీక్షలు ధ్రువపరచనిదే శస్త్రచికిత్సకు పూనుకోరాదని వైద్యుడు నేర్చుకునే పాఠమే ఇక్కడా వర్తిస్తుంది. పాఠకులు మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మానసిక వ్యాధిగ్రస్తులలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. బాల్యంలో హింసకు గురైనవారిలో అత్యధికులు హంతకులు కారు. వారికి కావలసింది అనుమానపు చూపు కాదు, సకాలంలో అందే చికిత్స, ఆదరణ.