పుట్టింటి తిండి

పశ్చిమ ఆఫ్రికాలోని ఘానా, టోగో, బెనిన్ దేశాల్లో ఏటా వానలకు ముందు పొలాల్లోని బొరియలు తవ్వి, గుడ్లతో ఉన్న ఆడ కొండచిలువలను పట్టి వ్యాపారులకు అమ్ముతారు. ఆ గుడ్లు పొదిగితే రెండు నెలలకు మూరెడు పిల్లలు బయటికొస్తాయి. వాటిని పెట్టెల్లో సర్ది విమానం ఎక్కిస్తారు. 1975 నుంచి ఇలా దేశాలు దాటిన ఈ జాతి పాములు 30 లక్షలకు పైమాటే. ప్రకృతి శాస్త్రవేత్త జార్జ్ షా 1802లో దీనికి రాజసం ధ్వనించే లాటిన్ పేరు పెట్టాడు. బెదిరితే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది కనుక అంగడి దీన్ని బాల్ పైథాన్ అంది. అమెరికాలోనో ఐరోపాలోనో కొన్నవాడు పెట్టె తెరిచి తెల్ల చిట్టెలుక పిల్లను ముందు పెడతాడు. పాముపిల్ల వాసన చూసి తల తిప్పుకుంటుంది. వారం గడుస్తుంది, నెల గడుస్తుంది, అది ముట్టదు. పెంపకందారులు దీనికి పెట్టిన పేరు ‘మొండిది’. పాముల పెంపకం చరిత్రలో జరిగిన పొరపాట్లలో చాలా వాటికి మూలం ఈ మాటేనని నా వాదన. తినకపోవడాన్ని పాము గుణంగా చూసినంతకాలం మనుషులు దాని నోరు తెరవడం మీదే తంటాలు పడ్డారు. అది ఎక్కడిదో, అక్కడ ఏం తింటుందో అడిగాకే దారి దొరికింది.

నోరు తెరిచే కాలం చిన్నదేమీ కాదు. లండన్ జూ 1849లో పాముల కోసం ప్రత్యేకంగా ఒక ఇల్లు కట్టింది. జనం చూడటానికి కట్టిన తొలి సర్పశాల అదే. అక్కడి పెద్దపాము ఒకటి తన మీద కప్పిన కంబళిని మింగేసి, కొన్ని వారాల తర్వాత కక్కిన సంగతి ఆనాటి జనానికి వింత వినోదం. అయితే కంబళి మింగిన పాము కంటే ఏదీ మింగని పాములే నిర్వాహకులకు అసలు దిగులు. నెలల తరబడి ఓడల్లో వచ్చిన ఖరీదైన జంతువు కళ్లముందే చిక్కిపోతుంటే ఊరుకోవడం ఎవరికైనా కష్టమే. న్యూయార్క్‌లో 1899లో తెరిచిన బ్రాంక్స్ జూలో సరీసృపాల బాధ్యత చూసిన రేమండ్ డిట్‌మార్స్ కాలంలో, ఉపవాసం పట్టిన పెద్ద కొండచిలువను నలుగురైదుగురు మనుషులు బారుగా నిలబడి పట్టుకుంటే, చంపిన కుందేళ్లను వెదురు గడతో గొంతులోకి నెట్టేవారు. ఆ పని చూడటానికి పత్రికల వాళ్లు కూడా వచ్చేవారు. ఆనాటి జ్ఞానానికి అది చేతనైన వైద్యమే, కాదనలేం. కానీ గడతో నెట్టించుకున్న పాము తినడం నేర్చుకోదు. మళ్లీ ఆకలి వేళకు మళ్లీ గడ కావాలి. లోపలికి పోయిందాన్ని అది కక్కేస్తే ఉన్న ఒంట్లో సత్తువ కూడా పోతుంది.

చిత్రమేమిటంటే, అదే డిట్‌మార్స్‌కు మరో పాము విషయంలో జవాబు ముందే తెలుసు. గిరినాగు పాములను తినే పాము. దాని ముందు ఎలుకల్ని ఎన్ని పెట్టినా లాభం లేదని బ్రాంక్స్‌లో వాళ్లు చుట్టుపక్కల అడవుల్లోంచి విషం లేని పాముల్ని పట్టి తెప్పించేవారు. మన తూర్పు కనుమల్లో, శ్రీకాకుళం, విశాఖ మన్యం వైపు తోటల్లో కనబడే గిరినాగు కూడా జెర్రిపోతు వెంట పడుతూనే కనబడుతుంది. గిరినాగును మొండిదని ఎవరూ అనలేదు, దాని తిండి అదేనని ఒప్పుకున్నారు. ఎలుకలు తినే జాతికి మాత్రం ఆ మర్యాద దక్కలేదు. ‘ఎలుకలు తింటుంది’ అంటే ‘ఏ ఎలుకైనా తింటుంది’ అని అర్థం చేసుకున్నారు.

ఆ అర్థం తప్పని తేలింది బాల్ పైథాన్ దగ్గర కాదు, అమెరికా చెరువు గట్ల మీద తిరిగే గార్టర్ పాముల దగ్గర. 1960లలో గోర్డన్ బర్గార్ట్ అనే పరిశోధకుడు ఒక తేలిక పరీక్ష చేశాడు. చేపలు, వానపాములు వంటి ఎరల వాసన నీళ్లలోకి దించి, ఆ నీళ్లలో ముంచిన దూదిపుల్లను అప్పుడే పుట్టిన, ఇంకా ఒక్క ముద్దా ఎరగని పిల్లల ముందు పెట్టాడు. పాము నాలుక ఆడించేది వాసన పోగుచేసుకోవడానికి. చీలిన నాలుక తెచ్చిన రేణువుల్ని అంగిట్లోని ప్రత్యేక అవయవం పసిగడుతుంది. ఆ పసికూనలు తమ జాతి అడవిలో తినే ఎర వాసన తగిలితే నాలుక జోరు పెంచి దూదిపుల్లనే కాటేశాయి. పరాయి వాసనకు కదల్లేదు. ఒక జాతి పిల్లలకు నచ్చింది మరో జాతి పిల్లలకు పట్టలేదు. తల్లి నేర్పింది లేదు, రుచి చూసిందీ లేదు. తర్వాత స్టీవన్ ఆర్నాల్డ్ ఇంకో మెట్టు దిగి ఒకే జాతిలో చూశాడు. కాలిఫోర్నియా తీరంలో తేమ ఎక్కువ, కవచం లేని నత్తలు కుప్పలు. లోపలి పొడి ప్రాంతాల సరస్సుల దగ్గర అవి లేవు, అక్కడి పాములు చేపలూ కప్పలూ తింటాయి. రెండు చోట్ల నుంచీ చూలు పాముల్ని తెచ్చి, వాటికి ప్రయోగశాలలో పుట్టిన పిల్లలకు నత్త ముక్కలు పెడితే తీరం పిల్లలు చాలావరకు తిన్నాయి, లోపలి పిల్లలు చాలావరకు ముట్టలేదు. నత్తను ఇష్టపడే పిల్లలే జలగనూ ఇష్టపడతాయని కూడా ఆయన గమనించాడు. లోపలి సరస్సుల్లో జలగలుంటాయి, మింగిన జలగ లోపలినుంచి కొరకవచ్చు. కాబట్టి ఆ చోట నత్తను కాదనడం ప్రాణం కాపాడిన గుణమై ఉంటుందని ఆయన ఊహ. 1981లో అచ్చయిన ఈ పనిని పాము పెంచేవాళ్లు ఎంతమంది చదివారో గానీ, వాళ్ల ముందున్న చిక్కుకు ఇంతకంటే సూటి జవాబు లేదు. కాదనడం కూడా పుట్టుకతో వచ్చే తెలివే.

ఇక ఆ తెల్ల చిట్టెలుక సంగతి. దానికీ ఒక ఊరుంది, అది పశ్చిమ ఆఫ్రికా మాత్రం కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం గ్రాన్‌బీలో అబ్బీ లేత్రోప్ అనే మాజీ ఉపాధ్యాయురాలు 1900 ప్రాంతంలో ముచ్చట కోసం పెంచుకునేవాళ్లకు రంగురంగుల చిట్టెలుకల్ని అమ్మడం మొదలుపెట్టింది. కొద్దికాలానికే హార్వర్డ్ శాస్త్రవేత్తలు ఆమె కొనుగోలుదారులయ్యారు. 1929లో క్లారెన్స్ కుక్ లిటిల్ మెయిన్ రాష్ట్రంలో స్థాపించిన జాక్సన్ ప్రయోగశాల వంటి చోట్ల చిట్టెలుక పెంపకం పరిశ్రమగా ఎదిగింది. అలా చవగ్గా, ఏడాది పొడుగునా దొరికే ఎలుక పాముల కంచంలోకి వచ్చింది. దాన్ని ఎంచింది మన సౌకర్యమే. ఇందులో మనకు నవ్వడానికి ఏమీ లేదు. కార్తీక శుద్ధ చవితినాడు పుట్టలో పాలు పోసేటప్పుడూ మనకు ప్రియమైనదే పాముకు పెడుతున్నాం. పాలు దాని తిండి కాదు, పాములవాడు నీళ్లివ్వకుండా ఎండగట్టిన పాము దాహానికి తాగుతుంది. బాల్ పైథాన్ దేశంలో పొలాల్లో తిరిగేవి వేరే ఎలుకలు, మెత్తటి బొచ్చున్న ఆఫ్రికా ఎలుకలు. పైగా 1998లో అచ్చయిన నైజీరియా పరిశోధన ఒకటి, 70 సెంటీమీటర్ల లోపు పాములు ఎక్కువగా పక్షుల్నే తింటున్నాయని చూపింది. అంటే మనం మొండిదంటున్న పసిపాము, తన ఊళ్లో అయితే ఎలుక పిల్లకు బదులు గూట్లోని పక్షి కూనను వెతుక్కునేదేమో.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ఈ రోజు అమ్ముడయ్యే బాల్ పైథాన్లలో ఎన్నో పెంపకంలోనే పుట్టి, తొలి తిండిగా తెల్ల ఎలుకనే లటుక్కున మింగేస్తున్నాయి. పుట్టినూరు అంత గట్టిదైతే ఇది ఎలా? నిజమే. పెంపకందారుడు బాబ్ క్లార్క్ 1992లో అల్బినో (నల్ల వర్ణకం లేని) పిల్లల్ని పుట్టించి, ఆ రంగు వారసత్వంగా వస్తుందని రుజువు చేశాక రంగుల వేట మొదలైంది, పెంపకం తరాలు వేగంగా పేరుకున్నాయి. కానీ ఆ తరాల్లో ఎలుకను ముట్టనివి గుడ్లు పెట్టే వయసు దాకా బతికే అవకాశం తక్కువ. తిన్నవే తల్లులయ్యాయి. తీరం నత్తలు గార్టర్ పాములకు చేసిన పనే ఇక్కడ ప్లాస్టిక్ డబ్బాలు చేస్తున్నాయి. ఇది నా వాదనను కొట్టేయదు, ఊరు మారుతోందని చెబుతుంది అంతే.

తిండి కంటే వేడి, దాగే చోటు ముఖ్యమని ఇంకొందరంటారు. ఒళ్లు వెచ్చబడకపోతే పాముకు అరగదు, బోసిపోయిన గాజుపెట్టెలో భయపడి తినదు. ఇది కూడా ఒప్పుకోవలసిందే. అయితే ఆ వేడీ ఆ చీకటీ ఎక్కడివి? బాల్ పైథాన్ పగలంతా పడుకునేది ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో. చెదలు కట్టిన ఇంట్లో పాము చేరడం తెలుగువాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. చేతికి దొరికిన చిన్న డబ్బాకు రంధ్రం చేసి బోర్లిస్తే అదే పాము అందులో దూరి, రాత్రికి ఎర పట్టడం ఇప్పుడు మామూలు విషయం. అది పుట్టకు బదులు. ఎర ముక్కుకు ఆఫ్రికా ఎలుక వాసనో బల్లి వాసనో పూయడమూ, ఆ ఎలుకల్నే ప్రత్యేకంగా పెంచి అమ్మడమూ గడ అవసరం తగ్గించిన మార్గాలే. ఇదంతా బయటి దేశాల పెంపకం సంగతి. మన దేశంలో దేశవాళీ పాముల్ని ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. విదేశీ రక్షిత జాతులు పెట్టుకున్నవాళ్లు నమోదు చేయించుకోవాలని 2022 సవరణ చెబుతోంది. అయినా చెన్నై విమానాశ్రయంలో సంచుల్లోంచి బాల్ పైథాన్లు బయటపడుతూనే ఉన్నాయి. వాటి తిండి సంగతి తెచ్చినవాడికి పట్టదు.

ఈ పాముతో అందరికంటే పాత చుట్టరికం ఉన్నది బెనిన్ తీరంలోని విదా పట్నానికి. అక్కడి పాము పూజ గురించి డచ్చి వర్తకుడు విల్లెమ్ బోస్మాన్ 1704లోనే పుస్తకంలో రాశాడు. 1727లో దహోమీ రాజ్యం ఆ పట్నాన్ని గెలుచుకున్నా పూజ ఆగలేదు. ఇప్పటికీ ఆ గుడిలో పదుల కొద్దీ బాల్ పైథాన్లు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి. వాటికి పూజారులు కూర్చుని తినిపించరు. అప్పుడప్పుడూ రాత్రివేళ తలుపు తీసి ఊళ్లోకి వదులుతారు. తిన్నవి తిరిగొస్తాయి. దారి తప్పి ఎవరింట్లోనైనా దూరితే ఆ ఇంటివాళ్లు మర్యాదగా ఎత్తి గుడికి తెచ్చి అప్పగిస్తారు.