బజారు మాట

తెలుగులో 'బజారు మనిషి' అంటే తిట్టు. 'బజారున పడ్డాడు' అంటే పరువు పోయిందని. పార్సీ నుంచి మాటనైతే తెచ్చుకున్నాం గానీ, దాని వెనకున్న బతుకుని తెచ్చుకోలేదు. ఇరాన్ బజారు వర్తకుడికి అసలు పెట్టుబడి ఆబ్రూ. అంటే పరువే.

తబ్రీజ్, ఇస్ఫహాన్, టెహరాన్ పాత బజార్లు కప్పువేసిన వీధులు. ఒకే సరుకు అమ్మేవాళ్లు ఒకే వరసలో ఉంటారు. కంసాలి పక్కన కంసాలి, తివాచీల వాడి పక్కన తివాచీల వాడు. నడుమ మసీదు, మదరసా, హమాం, సరాయి. ఎవరు బాకీ ఎగ్గొట్టినా సాయంత్రానికి వరసంతా తెలిసిపోతుంది. అందుకే కోర్టు గడప తొక్కకుండా మాట మీదే అప్పు పుట్టేది. తగాదాలు పెద్ద వర్తకులు కూర్చుని తీర్చేవాళ్లు. వడ్డీలేని అప్పులకు నిధులుండేవి. మొహర్రం సంతాపానికి సంఘాలుండేవి.

ఈ నమ్మకమే పాలకుల్ని నిలదీసింది. 1890లో షా పొగాకు వ్యాపారమంతా ఒక ఇంగ్లీషువాడికి రాసిచ్చాడు. వర్తకులు, ఉలేమాలు ఒక్కటయ్యారు. 1891 డిసెంబరులో పొగాకు ముట్టొద్దని ఫత్వా వచ్చింది. 1892లో ఒప్పందం రద్దయింది. 1905 డిసెంబరులో, ధర పెరిగిందని టెహరాన్ గవర్నరు చక్కెర వర్తకుల్ని అరికాళ్ల మీద కొట్టించాడు. బజారు మూతపడింది. మరుసటి వేసవిలో 12 వేలమందికి పైగా బ్రిటిష్ రాయబారి తోటలో శరణు కూర్చున్నారు. వృత్తి సంఘాలు ఎవరి గుడారాలు వాళ్లు వేసుకున్నాయి. 1906 ఆగస్టు 5న షా పార్లమెంటుకు ఒప్పుకున్నాడు.

మురిసిపోవడానికి ఇదంతా చెప్పడం లేదు. ఆ ఏడాది ఎన్నికల చట్టం వర్తకులకు, వృత్తి సంఘాలకు సీట్లిచ్చింది. ఆడవాళ్లకు ఓటివ్వలేదు. సొంత దుకాణం లేని కూలీకీ ఇవ్వలేదు. నమ్మకానికీ గోడలుంటాయి.

1978లో బజారు మళ్లీ మూతపడి షాని దించడానికి తోడ్పడింది. 1979లో మతరాజ్యం వచ్చింది. మరి బజారు బలపడిందా? దిగుమతి లైసెన్సులు, డాలర్లు సర్కారు గుప్పిట్లోకి పోయాయి. పక్క దుకాణం వాడి నమ్మకం కంటే పై ఆఫీసులో పరిచయం విలువైందయింది. 2008లో కొత్త పన్ను మీద బజార్లు తమ సర్కారు పైనే తలుపులు మూశాయి.

ముస్లిముల్ని కలిపి ఉంచేది నమాజొక్కటే అనుకునేవాళ్లు బయటా ఉన్నారు, మనలోనూ ఉన్నారు. బజారు చెప్పేది వేరు. ఇచ్చిపుచ్చుకోవడం, బాకీ తీర్చడం, పక్కవాడి కష్టానికి దుకాణం మూసి రావడం - జమాతంటే ఇవి కూడా. పాలించేవాడు మనవాడైతే చాలనుకున్ననాడు ఇవన్నీ చేజారతాయి. అప్పుడు నిజంగానే బజారున పడతాం.