నాలుగో అంకె

పెళ్లి వీడియో మీద స్టూడియో లోగో పెడతాం. లోగో చుట్టూ వెంట్రుకంత నల్ల గీత కనిపిస్తుంది. ఎంత చెరిపినా పోదు. నేనూ ఓ రాత్రంతా దానితో కుస్తీ పట్టినవాణ్నే. ఆ గీత వెనక పెద్ద కథే ఉంది.

ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ అతకడం సినిమాకు పుట్టుకతో వచ్చిన విద్య. 1898లోనే ఫ్రాన్సులో దర్శకుడు మెలియెస్ నల్లటి నేపథ్యం ముందు నిలబడి, ఒకే ఫిల్మును మళ్లీ మళ్లీ తిప్పి, తన తల తానే తీసి బల్ల మీద పెట్టాడు. 1933లో హాలీవుడ్ ‘ఇన్‌విజిబుల్ మ్యాన్’లో నటుడికి నల్ల మఖమలు తొడిగి, నల్ల తెర ముందు నిలబెట్టి, ఒట్టి బట్టలే నడుస్తున్నట్టు చూపించారు. మనవాళ్లకిది మాస్క్ షాట్. ‘రాముడు భీముడు’ (1964)లో ఒకే ఫ్రేములో ఇద్దరు ఎన్టీఆర్‌లు కనబడితే హాలు ఈలలతో మోగింది.

కత్తెరకు, మాస్కుకు తెలిసినవి ప్రధానంగా రెండే: ఉంది, లేదు. చిక్కంతా అంచు దగ్గరే. వెంట్రుక, పొగ, గాజు సగం ఉంటాయి, సగం ఉండవు.

ఆ ‘సగం’ను కంప్యూటర్‌కు అంకెగా నేర్పింది న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్. అది 1977. నేపథ్యం మారినప్పుడల్లా బొమ్మను మొదట్నుంచీ లెక్కగట్టడం ఎందుకు? ఎరుపు, ఆకుపచ్చ, నీలం పక్కన, ఆ చోట బొమ్మ ఎంత ఉందో చెప్పే నాలుగో అంకె దాచుకుంటే చాలు కదా! రెండు బొమ్మలను కలిపే సూత్రంలోని గ్రీకు అక్షరమే దానికి పేరైంది: ఆల్ఫా. పై రంగు విలువ 200, ఆల్ఫా 0.25, కింది రంగు 100 అనుకోండి. పైదాంట్లో పావు 50, కిందిదాంట్లో ముప్పావు 75, కలిపితే 125. ఇంతే సంగతి.

1984లో లూకాస్‌ఫిల్మ్‌కు చెందిన థామస్ పోర్టర్, టామ్ డఫ్ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. రంగును ముందే ఆల్ఫాతో గుణించి దాచేస్తే అతికించేటప్పుడు గుణకారాలు తగ్గుతాయన్నారు. నలుగురికీ 1996లో ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం దక్కింది. నా దృష్టిలో అది ఆలస్యంగా వచ్చిన గౌరవమే.

నల్ల గీత ఇక్కడే పుడుతుంది. ముందే గుణించిన ఫైలును సాఫ్ట్‌వేర్ గుణించనిదిగా పొరబడితే అంచు రంగు రెండోసారి తగ్గి నల్లబడుతుంది. మామూలు ఎంపీ4గా ఎక్స్‌పోర్ట్ చేస్తే నాలుగో అంకె అసలే మిగలదు. ప్రోరెస్ 4444 అనే వీడియో ఫార్మాట్ పేరులో చివరి 4 దానికోసమే.

ఈసారి గీత కనిపిస్తే లోగో చేసినవాణ్ని తిట్టకండి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ‘ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్’ తెరిచి, ‘గుణించనిది’ అని చెప్పే స్ట్రెయిట్‌ను ‘ముందే గుణించినది’ అని చెప్పే ప్రీమల్టిప్లైడ్‌కు మార్చి చూడండి.