గుర్రాల్లో పొట్టితనం: ఒక కొలత, రెండు కారణాలు

షెట్లాండ్ గుర్రం మూపు దగ్గర 107 సెంటీమీటర్లు దాటకూడదని ఆ జాతి నియమం. అమెరికన్ మినియేచర్‌కు హద్దు 34 అంగుళాలే, అంటే సుమారు 86 సెంటీమీటర్లు. దానికి కొలబద్దను జూలులో చివరి వెంట్రుకలు మొలిచే చోట ఆనిస్తారు. మరో కొసన ఉన్న షైర్, పెర్షెరాన్ వంటి బరువు లాగే గుర్రాల్లో కొన్ని రెండు మీటర్లు కూడా దాటుతాయి. ఇంత తేడానూ పెంపకందార్లు ఒక్క అంకెలో చెబుతారు. ఆ అంకె రెండు వేర్వేరు సంగతులను కలిపేస్తోందని నా వాదన. ఎదుగుదలకు పగ్గం పడి, అవయవాల పొందిక చెడకుండా చిన్నదైన గుర్రం ఒకటి. మృదులాస్థి సరిగా ఏర్పడక కురచబారిన గుర్రం మరొకటి. ఎత్తు ఒక్కటే చూసి జత కడితే ఈ రెంటికీ తేడా తెలియదు.

మనిషి ఎత్తు వేలాది చిన్న చిన్న జన్యుభేదాల మొత్తం. 2022లో 54 లక్షల మంది సమాచారాన్ని పరిశీలించిన అధ్యయనం అలాంటివి 12 వేలకు పైగా లెక్కించింది. గుర్రంలో లెక్క చాలా చిన్నది. 2012లో 16 జాతులకు చెందిన 48 గుర్రాలను పరీక్షించినవారు, పరిమాణంలోని తేడాలో 83 శాతాన్ని నాలుగే జన్యుస్థానాలు వివరిస్తాయని తేల్చారు. ఎల్‌సీఓఆర్‌ఎల్, హెచ్‌ఎంజీఏ2, జెడ్‌ఎఫ్‌ఏటీ, ఎల్‌ఏఎస్‌పీ1 జన్యువులు ఉన్న చోట్లు అవి. 48 గుర్రాలతో ఇంత మాట అనవచ్చా అన్న అనుమానం న్యాయమైనదే. వేర్వేరు జాతులను పక్కపక్కన పెట్టినప్పుడు, ఒకే వంశం నుంచి వచ్చినందువల్ల కలిసి ఉన్న గుర్తులు కూడా ఎత్తుకు కారణాల్లా కనిపిస్తాయి. కాబట్టి 83 అనే అంకెను నేను పట్టుకుని కూర్చోను. నన్ను ఒప్పించేది ఒకే జాతి లోపల దొరికిన సాక్ష్యం. 2015లో వెలువడిన పరిశోధన షెట్లాండ్‌లలోనే పొట్టివాటినీ పొడుగువాటినీ పోల్చి, ఆరో క్రోమోజోమ్ మీది హెచ్‌ఎంజీఏ2 దగ్గరికి చేరింది. ఆ జన్యువు మొదటి భాగంలో ఒకే ఒక్క అక్షరం మారింది. దానివల్ల ప్రోటీన్‌లో 28వ స్థానంలో గ్లైసిన్ ఉండవలసిన చోట గ్లుటామిక్ ఆమ్లం వచ్చింది. డీఎన్‌ఏను పట్టుకునే కొక్కెం లాంటి భాగం సరిగ్గా అదే. మారిన ముక్కను ప్రయోగశాలలో డీఎన్‌ఏతో కలిపి చూస్తే ఆ పట్టు సడలింది. ఈ భేదం ఇతర పొట్టి జాతుల్లోనూ ఉంది. పరీక్షించిన మామూలు ఎత్తు జాతుల్లో లేదు.

అయినా ఒక గట్టి ఆక్షేపణ మిగులుతుంది. షెట్లాండ్ దీవుల్లో గాలి, చలి, చాలీచాలని మేత. ఆ నేల వల్లే గుర్రం పొట్టిదయిందని చాలామంది అంటారు. దానికి మద్దతుగా 1938లో కేంబ్రిడ్జ్‌లో వాల్టన్, హామండ్ ప్రచురించిన ప్రయోగాన్ని చూపవచ్చు. షైర్, షెట్లాండ్ జాతులను వారు కృత్రిమ గర్భధారణతో రెండు విధాలా కలిపారు. షైర్ తల్లికి పుట్టిన సంకర పిల్ల, షెట్లాండ్ తల్లికి పుట్టిన సంకర పిల్లకు దాదాపు మూడు రెట్లు బరువు తూగింది. జాతులు అవే రెండూ, తేడా గర్భానిది. తరవాత ఆ అంతరం తగ్గినా పూర్తిగా పోలేదు. తల్లి గర్భం పిల్ల ఎదుగుదలకు ఎల్లలు గీస్తుందని ఇంతకంటే స్పష్టంగా చూపడం కష్టం. కానీ ఆ గర్భం అంత చిన్నదిగా ఎందుకుంది అని అడిగితే మళ్లీ తల్లి జన్యువుల దగ్గరికే రావాలి. పైగా డీఎన్‌ఏ మీద ప్రోటీన్ పట్టు సడలడానికి మేత కారణం కాలేదు. కఠినమైన నేల ఇలాంటి భేదాన్ని నిలబెట్టి ఉండవచ్చు. మనుషుల అవసరం దానికి తోడైంది. 1842 చట్టం పదేళ్లలోపు బాలురనూ స్త్రీలనూ బ్రిటన్ గనుల్లోకి దిగనివ్వకపోవడంతో, ఇరుకు సొరంగాల్లో బొగ్గు బండ్లు లాగడానికి షెట్లాండ్‌లకు గిరాకీ పెరిగింది. పొట్టిగా ఉంటూనే బలమైన వెన్ను, తిన్నని కాళ్లు ఉన్నదే అక్కడ పనికొచ్చింది.

మినియేచర్ విషయంలో ఆ రెండో షరతు సడలింది. బండి లాగే పని లేనప్పుడు ఎత్తు తగ్గడమే గొప్ప అవుతుంది. ఈ జాతిలో ఏసీఏఎన్ అనే జన్యువులో నాలుగు హానికర భేదాలను గుర్తించారు. మృదులాస్థికి నీటిని పట్టి ఉంచి, ఒత్తిడిని ఓర్చుకునే గుణమిచ్చే అగ్రికాన్ ప్రోటీన్‌ను తయారుచేసేది ఈ జన్యువే. హానికర ప్రతి ఒక్కటే ఉన్న గుర్రం వాహకం మాత్రమే, మరుగుజ్జు కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చి రెండయితే కాళ్లు వంకరపోతాయి, తల పెద్దదవుతుంది, దవడలు కలవవు. ఈ భేదాల్లో కొన్ని జతగా కలిస్తే పిల్ల పుట్టకముందే పోతుంది. షెట్లాండ్‌లలోనూ ఇలాంటి వేరే వ్యాధి ఉంది: ఎస్‌హెచ్‌ఓఎక్స్ జన్యువు పరిసరాల్లో డీఎన్‌ఏ ముక్క లోపించడం వల్ల కాళ్ల ఎముకలు వక్రంగా ఎదుగుతాయి. ఇవి హెచ్‌ఎంజీఏ2 ప్రభావానికి మరింత ముదిరిన రూపాలు కావు. వేరే జన్యువులు, వేరే యంత్రాంగం.

అయితే పొందికైన పొట్టితనమంతా నిరపాయమని అనుకోవడం కూడా తొందరపాటే. 2019లో వెల్ష్ గుర్రాల మీద జరిగిన పరిశోధన, ఎత్తు తగ్గించే ఈ హెచ్‌ఎంజీఏ2 భేదానికే రక్తంలో ఇన్సులిన్ పెరగడంతోనూ సంబంధం చూపింది. పొట్టి గుర్రాలను పచ్చిక బాగా ఉన్న చోట వదిలితే లామినైటిస్ అనే గిట్టల జబ్బు ఎందుకు త్వరగా పట్టుకుంటుందో దీనివల్ల కొంత అర్థమవుతుంది. అయినా ఈ రెండు చిక్కులూ ఒకటి కావు. ఇన్సులిన్ సమస్యను మేత తగ్గించి, తిప్పి, అదుపులో ఉంచవచ్చు. ఎముకకు ఆధారమైన మృదులాస్థే చెడితే యజమాని చేయగలిగింది చాలా తక్కువ.

అందుకే జాతి పుస్తకాల్లో ఎత్తు పక్కనే ఏసీఏఎన్ పరీక్ష ఫలితం కూడా రాయాలని నా అభిప్రాయం. వాహకాలను మందలోంచి తొలగించనక్కర్లేదు. అలా చేస్తే చిన్న జాతిలో రక్తసంబంధాలు ఇంకా దగ్గరవుతాయి. వాహకానికి వాహకాన్ని జత కట్టకుండా ఉంటే చాలు. అలా కట్టిన ప్రతిసారీ రెండు చెడు ప్రతులూ ఒకే పిల్లకు చేరే అవకాశం నాలుగింట ఒకటి. పిల్ల గర్భంలోనే పోయినప్పుడు చూలు నిలవలేదని తల్లినే తప్పుపడతారు, మళ్లీ అదే జత కడతారు. ఈ పరీక్షకు కావలసింది వేళ్లతో సహా పీకిన కొన్ని జూలు వెంట్రుకలు. కొలబద్దను ఆనించేదీ ఆ జూలు చివరే.