డాక్టరా, కలెక్టరా? - పూనా నుంచి సూరత్ దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు అడిగారు. డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించి వ్రాసేవారు మనలో చాలామంది ఉన్నారు గనుక నేను వేరే సంగతి ఎత్తుకుంటున్నాను.

కోవిడ్ తగ్గాక మన హాల్లో మొదటిసారి కలిసిన రోజున జరిగిన వాదన కొందరికైనా గుర్తుండే ఉంటుంది. అంటురోగం వచ్చినప్పుడు పెత్తనం డాక్టరు చేతిలో ఉండాలా, కలెక్టరు చేతిలో ఉండాలా అని. వైద్య శాఖ నుంచి రిటైరైన మిత్రుడు "రోగం సంగతి తెలియనివాడు రోగాన్ని ఎలా ఆపుతాడండీ?" అన్నారు. రెవెన్యూలో పనిచేసిన మిత్రుడు "మందు మీరు వ్రాస్తారు సరే, లారీలు ఎవరు పంపిస్తారు?" అన్నారు. టీ చల్లారింది గాని వాదన చల్లారలేదు. ఆ రోజు హాల్లో కొన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అవి ఎవరెవరివో మళ్ళీ వ్రాయనక్కరలేదు.

నేను ఆ రోజు నోరు విప్పలేదు. హెల్త్ ఇన్‌స్పెక్టరుగా చేరి ముప్ఫై మూడేళ్ళు ఆ ఇద్దరి తరహా ఆఫీసర్ల కిందా పనిచేసినవాణ్ణి. ఎవరి పక్షం పలికినా రెండోవారికి కోపం వస్తుంది. ఇంటికి వచ్చి మాత్రం పాత చరిత్ర తిరగేశాను.

2020లో ప్రభుత్వాలు ప్రయోగించిన అంటువ్యాధుల చట్టం 1897 ఫిబ్రవరిలో తెల్లదొరలు చేసినది. అంతకు ముందు సంవత్సరం సెప్టెంబరులో బొంబాయి మాండ్వీ పేటలో డాక్టర్ వీగాస్ అనే గోవా వైద్యుడు ప్లేగును గుర్తుపట్టాడు. కొన్ని నెలల్లో అది పూనా చేరింది. అక్కడ ప్లేగు కమిటీకి అధ్యక్షుడుగా రాండ్ అనే ఐ.సి.ఎస్. అధికారిని వేశారు. మనం బడిలో చదువుకున్నది చాపేకర్ సోదరుల కథ గనుక రాండ్ ఒక్కడే మనకు గుర్తు. ఆ కమిటీలో ఇంకా ఇద్దరున్నారు. ఒకరు సైన్యాధికారి. ఇంకొకరు బెవరిడ్జ్ అనే సైనిక వైద్యుడు. ఈయన సామాన్యుడు కాదు, హాంకాంగులో ప్లేగును కళ్ళారా చూసి వచ్చినవాడు. అంటే మన హాల్లో మిత్రులు కోరిన రెండూ ఆ ఒక్క బల్ల దగ్గరే ఉన్నాయి. పరిపాలనా ఉంది, వైద్యమూ ఉంది, పైగా సైన్యం కూడా ఉంది.

జరిగిందేమిటి? మార్చి నుంచి మే దాకా గోరా సిపాయిలు ఇల్లిల్లూ సోదా చేశారు. వంటింట్లోకీ దేవుడి గదిలోకీ బూట్లతో వచ్చారన్నది జనం మొర. ఆడవాళ్ళను నలుగురి ఎదుట పరీక్షించారన్న ఫిర్యాదులు వచ్చాయి. సామాన్లు తగలబెట్టారు. రోగి బయటపడితే ఆసుపత్రికి, ఇంట్లో మిగతావాళ్ళను వేరే క్యాంపుకు తరలించారు. జనం ఏం చేశారు? రోగులను దాచారు. జ్వరం వచ్చినవాణ్ణి పక్క ఊరికి పంపారు. కాగితం మీద చూస్తే కమిటీ పని పకడ్బందీగానే ఉంది. ఇన్ని ఇళ్ళు చూశాము, ఇన్నింటికి సున్నం వేయించామని లెక్కలున్నాయి. రిపోర్టులు వ్రాసి బ్రతికినవాణ్ణి గనుక అటువంటి లెక్కల విలువ నాకు తెలుసు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ప్లేగు క్రిమిని 1894లోనే యెర్సిన్ హాంకాంగులో కనిపెట్టాడు. కాని అది ఎలుక మీది గోమారి ద్వారా మనిషికి సోకుతుందని సీమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు చెప్పింది 1898లో. దాన్ని కూడా చాలామంది పెద్ద డాక్టర్లు వెంటనే నమ్మలేదు. అంటే పూనాలో సోదాలు జరుగుతున్న రోజుల్లో నిపుణుడికి కూడా అసలు దారి తెలియదు. ఇల్లు కడిగిస్తే ఎలుక పక్కింటికి పోతుంది, అంతే. అదే మార్చి నెలలో సావిత్రిబాయి ఫూలే రోగులకు సేవ చేస్తూ ప్లేగు సోకి కన్నుమూసింది. కొడుకు యశ్వంత్ డాక్టరు. ఆ తల్లీకొడుకులు నడిపిన శిబిరానికి రోగులను ఎవరూ బలవంతంగా ఈడ్చుకు రానక్కర లేకపోయింది.

జూన్ 22 రాత్రి విక్టోరియా రాణి వజ్రోత్సవ విందు నుంచి తిరిగి వస్తున్న రాండ్‌ను కాల్చారు. జూలై 3న ఆయన చనిపోయాడు. వెనక బండిలోని అయర్‌స్ట్ అనే అధికారి అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. దామోదర్ చాపేకర్‌ను 1898 ఏప్రిల్‌లో ఉరితీశారు. ఆ తరువాత కొన్నేళ్ళలో ప్రభుత్వం బలవంతపు పద్ధతులు ఒక్కొక్కటే సడలించుకున్నది. ఇన్ని ప్రాణాలు పోయాక!

హాఫ్కిన్ సంగతి కూడా చెప్పాలి. 1897 జనవరిలో ప్లేగు టీకా తయారుచేసి మొదట తనకే పొడిపించుకున్న మహానుభావుడు. ఆయన వైద్యుడు కాడు, జంతుశాస్త్రజ్ఞుడు. ఆ మాట పట్టుకుని సర్కారీ డాక్టర్లలో కొందరు ఆయన్ను ఎన్నడూ తమలో కలుపుకోలేదు. 1902లో పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో ఒకే బుడ్డి నుంచి టీకాలు పొడిపించుకున్న 19 మంది ధనుర్వాతంతో పోయారు. నేరం ఆయన ప్రయోగశాల మీద వేసి పదవి నుంచి తప్పించారు. ఆ బుడ్డి తెరిచిన పట్టకారు అంతకుముందు నేల మీద పడిందన్న సాక్ష్యం ఉన్నా, ఆయన నిర్దోషి అని తేలడానికి 1907 దాకా పట్టింది. ఆయన తరఫున పత్రికల్లో గట్టిగా పోరాడినవాడు రొనాల్డ్ రాస్. 1897లోనే మన సికిందరాబాదులో, దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన ఆ రాసే.

ఇక సూరత్. 1994 సెప్టెంబరులో వరద తీసిన తరువాత అక్కడ ప్లేగు బయటపడి యాభై మందికి పైగా చనిపోయారు. కొద్ది రోజుల్లో లక్షల మంది రైళ్ళెక్కి ఊరు విడిచారు. వారితోపాటు చాలామంది ప్రైవేటు డాక్టర్లు కూడా క్లినిక్‌లకు తాళం వేసి వెళ్ళిపోయారు. 1995 మేలో అక్కడికి మునిసిపల్ కమిషనర్‌గా ఎస్.ఆర్. రావుగారు వచ్చారు. పూర్తి పేరు సూర్యదేవర రామచంద్రరావు. ఇంటిపేరు వింటేనే మనవారని తెలుస్తుంది. ఆయన ఐ.ఎ.ఎస్., డాక్టరు కాదు. రాండ్ లాగానే సివిల్ సర్వీసు మనిషి.

కాని ఆయన చేసిన పనులు చూడండి. ఊరిని ఆరు జోన్లుగా విడగొట్టి ఒక్కొక్క జోను అధికారికి నిర్ణయాలు చేసే అధికారం ఇచ్చేశారు. ఫైలు తన బల్ల మీదికి రానక్కరలేదు. పెద్ద ఆఫీసర్లందరూ ఉదయం ఏ.సి. గదులు వదిలి వీధుల్లో ఉండాలన్నారు. మధ్యాహ్నం అందరూ కలిసి కూర్చుని ఆ ఉదయం చూసింది చెప్పాలి. ఆసుపత్రుల నుంచి జ్వరాల లెక్క ఏ రోజుకారోజు రావాలి. అక్రమ కట్టడాలు కూల్చడం బలిసినవారి నుంచే మొదలుపెట్టారు. 1996లో ఇంటాక్ సంస్థ సూరత్‌ను దేశంలో చండీగఢ్ తరువాత రెండో పరిశుభ్ర నగరంగా లెక్కించింది. నన్నడిగితే ఇందులో అన్నిటికన్నా ముఖ్యం మధ్యాహ్నం కూర్చోవడం. ఎందుకో చెప్పడానికి నా కథ ఒకటి చెప్పక తప్పదు. ఇంతవరకు ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు.

ఎనభైలలో ఒక చిన్న మునిసిపాలిటీలో ఉండగా వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మొదటి రోజే వాటర్ వర్క్స్‌లో వాల్వు తిప్పే మనిషి నా దగ్గరికి వచ్చాడు. "బాబూ, బడి వెనకాల మెయిన్ పైపు మురుక్కాలవలోనుంచి పోతుంది. జాయింటు కారుతుంది" అన్నాడు. "సాయంత్రం మీటింగులో చెబుతాలే" అన్నాను. మీటింగులో డాక్టరుగారు సెలైన్ చాలదంటున్నారు. పైనుంచి వచ్చిన ఆఫీసరుగారు టెంట్లు, జీపుల లెక్క అడుగుతున్నారు. ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. ఇద్దరూ వారి వారి పనిలో సమర్థులే, ఆ మాట ఒప్పుకోవాలి. ఇన్‌స్పెక్టర్లం గోడ పక్కన నిలబడ్డాం. మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడగనప్పుడు మాట్లాడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? రెండో రోజూ అంతే. మూడో రోజు డాక్టరుగారు గుమ్మం దాటుతుండగా ధైర్యం చేసి చెప్పాను. గంటలో వాల్వు కట్టేయించారు. నాలుగు రోజుల్లో కేసులు ఆగాయి.

మధ్యలోని ఆ రెండు రోజుల్లో ముగ్గురు పోయారు. అందులో ఒకతె మా ఆఫీసు స్వీపరమ్మ మనుమరాలు, అయిదేళ్ళది. ఆ తరువాత కూడా ఆవిడ రోజూ వచ్చి నా బల్ల తుడిచేది. నాతో ఒక్క మాటా అనలేదు, ఎందుకంటే ఆవిడకు తెలియదు.

వ్యాధి అరికట్టినందుకు డాక్టరుగారికీ, పైఆఫీసరుగారికీ ప్రశంసా పత్రాలు వచ్చాయి. నాకూ ఒకటి వచ్చింది, ఇప్పటికీ సర్వీసు కాగితాల్లో ఉంది. దానికి ఆధారమైన రిపోర్టు తయారుచేసింది నేనే. వాల్వు తిప్పే మనిషి పేరు అందులో ఎక్కడా లేదు.