ఆరోగ్యశాలకు ఊరి దానము

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలందురు. అయితే ఆ భాగ్యము ఒక్కరి యింట మాత్రమే నిలుచునది కాదు. పొరుగింటి జ్వరము మన గడప దాటుటకు ఎంతో కాలము పట్టదు. అందుచేతనే చెరువు, బావి, సత్రములతో పాటు వైద్యశాలయు మన దేశమున ధర్మకార్యములలో చేరినది. ప్రజలు తమ సీమలోని వైద్యశాలకు ఏల దానము చేయుదురో తెలిసికొనుటకు గుంటూరు ప్రాంతపు చరిత్ర చక్కని సాక్ష్యము.

కృష్ణాతీరమునకు చేరువనున్న మల్కాపురము శాసనము 1261 నాటిది. కాకతీయ గణపతిదేవుడు తన గురువగు విశ్వేశ్వర శివాచార్యునకు మందడము గ్రామమును ఇచ్చెదనని పలుకగా, ఆయన కుమార్తె రుద్రమదేవి ఆ మాట చెల్లించి, వెలగపూడిని గూడ చేర్చి దానము చేసెను. శివాచార్యుడు ఆ గ్రామములను తన భోగమునకు ఉంచుకొనలేదు. అచ్చట అగ్రహారము నెలకొల్పి, కొంత భూమిని మూడు భాగములు చేసి, ఒకటి మఠమునకును, ఒకటి విద్యార్థుల భోజనమునకును, మూడవది ప్రసూతిశాల, ఆరోగ్యశాల, సత్రములకును ఏర్పరచెను. ఏడున్నర శతాబ్దములకు పూర్వమే పురిటి తల్లికొరకు భూమిలో వాటా కేటాయించుట సామాన్యవిషయము కాదు.

ఇందు రెండు అంశములు గమనింపదగినవి. దానము చేసినది ఒక్కసారి కరగిపోవు ధనము కాదు, ఏటేట పండు భూమి. కట్టడము ఒకమారు కట్టిన చాలును గాని, మందులును వైద్యుని జీతమును నిత్యము కావలెను. రెండవది, ఆ శాసనము సమర్థుడగు వైద్యునితో పాటు లెక్కలు వ్రాయు కాయస్థునకు గూడ జీవనము కల్పించినది. తానిచ్చినది ఎచ్చటికి పోవుచున్నదో తెలిసినపుడే దాత మరల చేయి చాచును. రాతిశాసనమనగా నలుగురి యెదుట నిలిపిన పద్దే గదా!

తరువాతి కాలమున గుంటూరు పట్టణము ఇట్టి కథనే మరొక విధముగా చూపినది. పురుష వైద్యుని కడకు పోవుటకు స్త్రీలు సంకోచించు దినములలో, 1883లో అన్నా కుగ్లర్ అను వైద్యురాలు అమెరికా నుండి అచ్చటికి వచ్చెను. 1898లో స్త్రీల ఆసుపత్రి తెరువబడినది. తమ కుటుంబమునకు జరిగిన వైద్యమునకు కృతజ్ఞతగా ఏలూరు రాజాగారు రోగుల బంధువులకై అచ్చట సత్రము కట్టించిరి. ఒకరికి జబ్బు చేసిన ఇంటిల్లిపాదియు బండి కట్టుకొని వచ్చుట, తమ వంట తామే చేసికొనుట నాటి ఆచారము. దూరదేశపు దాతలు ఆసుపత్రి కట్టింపగలరు; రోగి తల్లి పొయ్యి యెచ్చట వెలిగించునో ఎఱిగినవాడు ఈ ప్రాంతపు దాతయే.

1946లో వెలసిన గుంటూరు వైద్యకళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడిన వైద్యులు గూడ అచ్చటి సర్వజన ఆసుపత్రి నూతన భవనములకు విరాళములిచ్చిరి. ఆసుపత్రి మంచములపై పడియున్న పేదరోగుల నాడి పట్టియే గదా వారు విద్య నేర్చినది! అది ఋణము తీర్చుకొనుటయే.

కృతజ్ఞత, రేపు తనకును ఆ మంచము కావలసివచ్చునను ఎఱుక, లెక్కపై నమ్మకము – ఈ మూడును దానమునకు మూలములు. కలవాడు భూమి యిచ్చినను, లేనివాడు శేరు గింజలిచ్చినను ఫలమొక్కటియే. అర్ధరాత్రి నొప్పులు పడు ఆడుబిడ్డకు తలుపు తెరచియుండవలెను, దీపము వెలుగుచుండవలెను.